సినాట్రా పాట: కొలంబియానా, క్యాపిటలా, రిప్రీజా – ఏది మేలు?

నేనుండేది జెర్సీ సిటీలో. శనివారం సాయంత్రాలు హడ్సన్ నది ఒడ్డు వెంట నడుచుకుంటూ పక్క ఊరు హోబోకెన్ దాకా వెళ్తుంటాను. అక్కడ నది ఒడ్డు రోడ్డుకు ఫ్రాంక్ సినాట్రా డ్రైవ్ అని పేరు. ఊరి లోపలికి వెళ్తే మన్రో వీధిలో 415 నంబరు దగ్గర నక్షత్రం ఆకారంలో ఒక కంచు పలక నేలలో పొదిగి ఉంటుంది. ఆ ఇల్లు ఎప్పుడో మంటల్లో పోయింది. ఇటలీ నుంచి వలస వచ్చిన దంపతులకు 1915 డిసెంబర్ 12న అమెరికన్ గాయకుడు సినాట్రా పుట్టింది అక్కడే.

ఈ మధ్య మా తమ్ముడి కూతురు చదువుకోసం వచ్చి మా ఇంట్లో ఉంటోంది. చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం నేర్చుకున్న పిల్ల. ఒకరోజు ఫోన్లో వెతుకుతూ, "పెదనాన్నా, ఈయనవి ఒక్కో పాటా మూడేసి సార్లు ఉన్నాయి. వీటిలో అసలుది ఏది?" అని అడిగింది. మూడూ అసలువే. సినాట్రా తనకు నచ్చిన పాటను వదిలిపెట్టేవాడు కాదు. రికార్డు కంపెనీ మారినప్పుడల్లా మళ్ళీ పాడేవాడు. 1943 నుంచి 1952 దాకా కొలంబియా, 1953 నుంచి దాదాపు 1961 దాకా క్యాపిటల్, ఆ తర్వాత తను సొంతంగా పెట్టుకున్న రిప్రీజ్. కాబట్టి ఆ పిల్ల ప్రశ్నను నేను ఇలా మార్చుకున్నాను: ఈ మూడు వయసుల్లో ఏ వయసు సినాట్రాను ముందు వినాలి, ఏ వయసు సినాట్రాను చివరిదాకా దగ్గర ఉంచుకోవాలి?

నా మాట ముందే చెప్పేస్తాను. క్యాపిటల్. అయితే గొంతు బాగుందని కాదు. గొంతు ఒక్కటే చూస్తే కొలంబియా ముందు మిగతా రెండూ నిలబడవు.

ఒకే పాట, మూడు వయసులు

పోల్చడానికి 'వన్ ఫర్ మై బేబీ' కంటే మంచి పాట దొరకదు. హెరాల్డ్ ఆర్లెన్ బాణీ, జానీ మెర్సర్ సాహిత్యం. 1943లో ఫ్రెడ్ అస్టేర్ సినిమా కోసం రాసింది. రాత్రి మూడు కావస్తుంటుంది. బారులో మిగిలింది ఇద్దరే: తాగుతున్నవాడు, గ్లాసు నింపే జో. తాగేవాడి ప్రేమ చెడిపోయింది. ఆ కథ చెప్తానంటాడు గానీ చెప్పడు. ఏదో మొదలుపెడతాడు, ఆపేస్తాడు, ఇంకోటి పొయ్యమంటాడు. పాటలో ఉన్నదంతా ఆ చెప్పలేకపోవడమే.

1947లో కొలంబియాకు పాడినప్పుడు ఆయనకు 31 ఏళ్ళు. ఆక్సెల్ స్టార్డాల్ వాద్యబృందం. నడక కాస్త చురుగ్గా, తేలిగ్గా ఉంటుంది. గొంతు పట్టులా జారుతుంది, ఏ స్వరమూ పక్కకు పోదు. నిమిషానికి 78 సార్లు తిరిగే అప్పటి రికార్డు మీద ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలకు మించి పట్టదు కాబట్టి పాట తొందరగానే ముగుస్తుంది. వింటే ముచ్చటేస్తుంది. కానీ ఆ పాడే అబ్బాయి నిజంగా చితికిపోయాడని నాకు ఒక్క క్షణం కూడా అనిపించదు. తెల్లారితే మామూలుగా లేచి పనికి పోతాడు.

1958 జూన్‌లో క్యాపిటల్‌కు పాడినప్పుడు 42. ఈసారి పాట నాలుగు నిమిషాలు దాటుతుంది. ముందు పియానో ఒక్కటే. వాయించింది బిల్ మిల్లర్, సినాట్రాతో ఏళ్ళ తరబడి ఉన్న మనిషి. బారులో ఏదో మూల కూర్చుని, ఎవరు విన్నా వినకపోయినా తన పాటికి తను వాయించుకునేవాడిలా అదే చిన్న ముక్క తిప్పి తిప్పి వాయిస్తుంటాడు. దాని మీద సినాట్రా గొంతు, కాస్త గరగరగా. జో పేరు పిలిచి ఒక్క క్షణం ఆగుతాడు, జో తలెత్తి చూసేదాకా ఆగినట్టు. వయొలిన్లు ఉన్నాయో లేవో తెలియనంత సన్నగా వెనక నుంచి వస్తాయి. చివర దారి చాలా దూరం అన్న మాటను పట్టుకుని మళ్ళీ మళ్ళీ అంటూ దూరమైపోతాడు. శబ్దం తగ్గుతుంటే తలుపు దాటి వీధిలోకి వెళ్ళిపోతున్నట్టే ఉంటుంది. రాత్రి లైటు తీసేసి వినాల్సిన రికార్డు ఇది.

1966లో లాస్ వేగస్‌లోని సాండ్స్ హోటల్లో జనం ముందు పాడి, రిప్రీజ్ మీద విడుదల చేసినప్పుడు 50. పియానో మళ్ళీ మిల్లరే. ఇప్పుడు ఆ పాట హాల్లో అందరికీ తెలుసు, అందరికీ తెలుసని ఆయనకూ తెలుసు. పేరున్న విద్వాంసుడు కచేరీ చివర్లో అందరూ ఎదురుచూసే పాట ఎత్తుకున్నప్పుడు ఉండే నిండుదనం అందులో ఉంది. మంచి నాటకం. ఒంటరితనం మాత్రం లేదు, ఎదురుగా అంతమంది ఉంటే ఎలా ఉంటుంది?

మూడూ వరసగా వినిపించాను. మా అమ్మాయి రెండోది మళ్ళీ పెట్టమంది. "ఇందులో పాడుతున్నట్టే లేదు" అంది.

కొలంబియా: గొంతు

అలాగని కొలంబియా రోజులను తక్కువ చేయడానికి లేదు. అక్కడ సినాట్రా చేసిన పని పెద్దది. 1939లో హ్యారీ జేమ్స్ బ్యాండులో, 1940 జనవరి నుంచి 1942 సెప్టెంబర్ దాకా టామీ డార్సీ బ్యాండులో పాడుతూ అక్కడి నుంచి ఎదిగినవాడు. డార్సీ ట్రాంబోన్ అనే ఇత్తడి ఊదుడు వాద్యం వాయిస్తుంటే వెనక కూర్చుని వీపు వైపే చూసేవాడట, ఊపిరి ఎప్పుడు తీసుకుంటున్నాడా అని. ఎంత చూసినా కోటు కదిలేది కాదు. డార్సీ నోటి చివర చిన్న సందులోంచి, ఎవరికీ కనపడకుండా గాలి తీసుకుంటాడని తర్వాత అర్థమైంది. అది చూసి సినాట్రా ఈతకొలనులో నీటి అడుగున ఊపిరి బిగబట్టి ఈదడం సాధన చేశాడు. దాని ఫలితమే మాటను మాటతో, పాదాన్ని పాదంతో తెగకుండా అతికించే ఆ పాడే తీరు. ఊపిరి కోసం మాట మధ్యలో విరవడు. అర్థం ఎక్కడ విరుగుతుందో అక్కడే ఆగుతాడు.

సంగీతం నేర్చుకున్న వాళ్ళకు ఇది వెంటనే పట్టేస్తుంది. మా అమ్మాయి 1945 నాటి 'నాన్సీ' వింటూ వేలితో బల్ల మీద కొట్టుకుంటూ లెక్కపెట్టింది, ఊపిరి ఎక్కడ తీశాడని. రెండు చోట్ల దొరకలేదు. వెనక్కి జరిపి మళ్ళీ విన్నా దొరకలేదు.

1942 డిసెంబర్ 30న న్యూయార్క్ పారమౌంట్ థియేటర్లో మొదలైన కార్యక్రమంతో అమ్మాయిలు ఆయన కోసం వెర్రెత్తిపోయారు. 1944 అక్టోబర్‌లో అదే థియేటర్ బయట వేల మంది గుమిగూడి పోలీసులకు చేతకాని పరిస్థితి వచ్చింది. కొలంబియాలో ఆయన ఆరంభం మటుకు విచిత్రంగా జరిగింది. 1942 ఆగస్టు నుంచి వాద్యకారుల సంఘం రికార్డింగులు ఆపేసి సమ్మెలో ఉంది. దాంతో 1943 జూన్‌లో ఆయన పాడిన మొదటి పాటలకు వాద్యం ఒక్కటీ లేదు, వెనక కోరస్ గొంతులే. 1944 నవంబర్‌లో కొలంబియా రాజీకి వచ్చాకే స్టార్డాల్ వయొలిన్లు స్టూడియోలోకి వచ్చాయి.

కొలంబియాలో ఒక్కటే వినాలంటే 1946 నాటి 'ది వాయిస్ ఆఫ్ ఫ్రాంక్ సినాట్రా' వినండి. నాలుగు రికార్డులు, ఎనిమిది పాటలు, అన్నీ ఒకే మూడ్‌లో. చిన్న వాద్యబృందం, దగ్గరగా వినపడే గొంతు. ఒక ఆల్బం అంటే దొరికిన పాటలు పోగేయడం కాదు, ఒక భావాన్ని మొదటి నుంచి చివరి దాకా నడపడం అనే ఊహ ఆయనకు క్యాపిటల్‌లో వచ్చిందని చాలామంది అనుకుంటారు. ఏళ్ళ ముందే, కొలంబియాలోనే వచ్చింది.

లోటు ఏమిటంటే, ఆ రోజుల పాటల్లో చాలావాటికి ఒకటే రంగు. స్టార్డాల్ అమరిక, అంటే ఏ వాద్యం ఎక్కడ ఏం వాయించాలో రాసిపెట్టే తీరు, మెత్తగా, అందంగా, గాయకుడికి పరుపు పరిచినట్టు ఉంటుంది. వరసగా పది పాటలు వింటే పదకొండోది ఏదో గుర్తుండదు. గాయకుడిని కదిపి కుదిపి పాడించే వాద్యం కాదది.

తర్వాత దెబ్బ మీద దెబ్బ. 1950లో న్యూయార్క్ కోపాకబానా క్లబ్బులో పాడుతుండగా గొంతులో రక్తస్రావమై మాట పెగల్లేదు. కొలంబియాలో పాటల ఎంపిక మిచ్ మిల్లర్ చేతికి వెళ్ళింది. 1951లో కుక్క అరుపులున్న ఒక వింత పాట కూడా పాడవలసి వచ్చింది. అదే ఏడాది మార్చిలో 'ఐయామ్ ఎ ఫూల్ టు వాంట్ యూ' పాడాడు. సినిమా నటి ఏవా గార్డ్‌నర్‌తో ప్రేమ ఆయన్ని నిలవనివ్వని రోజులవి. రాసినవాళ్ళలో ఆయన పేరు కూడా ఉంది. ఆ పాటలో గొంతు పట్టులా లేదు, చిరుగు పడింది. మొదటిసారి ఒక మనిషి వినపడ్డాడు. అందుకే నేనంటాను, క్యాపిటల్ సినాట్రా పుట్టింది కొలంబియా స్టూడియోలోనే, అక్కడ ఎవరూ పట్టించుకోని రోజున. 1952లో కొలంబియా ఆయన్ని వదిలేసింది.

క్యాపిటల్: మాట

1953 మార్చిలో క్యాపిటల్‌తో ఒప్పందం కుదిరింది. అప్పుడు ఆయన వెంట పడే కంపెనీ మరొకటి లేదు. ఏప్రిల్ 30న నెల్సన్ రిడిల్ అమరికతో 'ఐ హావ్ గాట్ ది వరల్డ్ ఆన్ ఎ స్ట్రింగ్' పాడాడు. ఆ మొదటి నిమిషంలోనే తేడా తెలిసిపోతుంది. పాత మెత్తదనం పోయింది, ఆ చోట బలం, చిలిపిదనం, కాస్త పొగరు. 1954 మార్చిలో 'ఫ్రమ్ హియర్ టు ఎటర్నిటీ'లో వేసిన పాత్రకు ఆస్కార్ వచ్చింది. పడ్డవాడు లేచాడు.

రిడిల్ గురించి నాలుగు మాటలు చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. సినాట్రా రికార్డు కొనేటప్పుడు ముందు చూడాల్సింది కంపెనీ పేరు కూడా కాదు, అరేంజర్ పేరు, అంటే వాద్యాల అమరిక రాసినవాడిది. గాయకుడు ఒక్కడే అయినా వెనక ఉన్నది స్టార్డాల్ అయితే ఒక మనిషి, రిడిల్ అయితే ఇంకో మనిషి, బిల్లీ మే అయితే మూడో మనిషి. స్టార్డాల్ గాయకుడికి తోడు నడుస్తాడు. బిల్లీ మే ఇత్తడి వాద్యాలతో భుజం తట్టి పరిగెత్తిస్తాడు. గార్డన్ జెంకిన్స్ వయొలిన్ల వానలో తడిపేస్తాడు, అది కొందరికి భరించలేనంత ఎక్కువ, నాకు చాలా ఇష్టం. రిడిల్ మాత్రం వింటాడు. సినాట్రా మాట పలుకుతున్నప్పుడు వాద్యాన్ని పక్కకు తప్పిస్తాడు, ఆయన ఆగినప్పుడు ఆ ఖాళీలోకి ఒక ఫ్లూట్‌నో ఒక ట్రంపెట్‌నో పంపి జవాబు చెప్పిస్తాడు.

దీనికి పాఠంలాంటిది 1956 జనవరి 12న పాడిన 'ఐ హావ్ గాట్ యూ అండర్ మై స్కిన్'. కోల్ పోర్టర్ పాట. రిడిల్ అమరికను ఆఖరి నిమిషంలో, స్టూడియోకు వెళ్ళే కారులో కూర్చుని పూర్తి చేశాడని చెప్తారు. మొదటిసారి వాయించి చూసుకున్నాక వాద్యకారులే చప్పట్లు కొట్టారట. పాట తాపీగా, నడిచే మనిషి అడుగులా మొదలవుతుంది. మొదటి సగంలో సినాట్రా గొంతు పెంచడు, ఏదో ఆలోచిస్తూ మాట్లాడుకుంటున్నట్టు ఉంటాడు. తర్వాత వాద్యం ఒకే ముక్కను పట్టుకుని పొర మీద పొర వేసుకుంటూ పెరుగుతుంది. ట్రాంబోన్లు అడుగు నుంచి తోస్తాయి, మీద వయొలిన్లు బిగుస్తాయి. ఇంక పగిలిపోతుంది అనుకునే చోట మిల్ట్ బెర్న్‌హార్ట్ ట్రాంబోన్ బద్దలవుతుంది. ఆ మైకు ఎత్తుగా ఉందని ఆయన్ని ఒక పెట్టె ఎక్కించి నిలబెట్టి వాయించారు. ఆ రాత్రి ఒకటి కాదు, రెండు కాదు, 22 టేకులు తీశారు. ట్రాంబోన్ తర్వాత సినాట్రా మళ్ళీ వచ్చేటప్పుడు వినండి. అప్పటిదాకా దాచుకున్నదంతా బయటపెడతాడు, రెండు పాదాలు కాగానే మళ్ళీ గొంతు తగ్గించి మొదటి తాపీకే వచ్చేస్తాడు. అంత ఎత్తుకు వెళ్ళినవాడికి దిగడం కూడా అంతే శ్రద్ధగా తెలియడం నాకు ఎన్నిసార్లు విన్నా ఆశ్చర్యమే.

ఇదే పాటను ఆయన 1963లో రిప్రీజ్‌కు మళ్ళీ పాడాడు, 1966లో సాండ్స్‌లో జాజ్ వాద్యకారుడు కౌంట్ బేసీ బ్యాండుతో పాడాడు. 1963 నాటిది శుభ్రంగా ఉంటుంది, స్టీరియోలో వాద్యాలు విడివిడిగా వినపడతాయి, కానీ అదే దారిలో రెండోసారి నడిచినట్టే. బేసీతో పాడినది వేరే కథ. వేగం ఎక్కువ, జనం హుషారు, ఊపు తన్నుకొస్తుంది. కాని 1956లో ఉన్న ఆ మెల్లగా మరిగే వేడి దాంట్లో లేదు. నేనైతే 1956నే పట్టుకుంటాను.

క్యాపిటల్ సినాట్రాలో రెండు ముఖాలున్నాయి. ఒకటి ఊపున్న ఆల్బాలు: 1956లో 'సాంగ్స్ ఫర్ స్వింగింగ్ లవర్స్', 1958లో బిల్లీ మేతో 'కమ్ ఫ్లై విత్ మీ', 1959లో 'కమ్ డాన్స్ విత్ మీ'. చివరిది ఆ ఏటి మేటి ఆల్బంగా గ్రామీ కూడా తెచ్చుకుంది. రెండోది విషాదం: 1955లో 'ఇన్ ది వీ స్మాల్ అవర్స్', 1958లో 'ఓన్లీ ది లోన్లీ', 1959లో జెంకిన్స్‌తో 'నో వన్ కేర్స్'. ఈ రెండింట్లో ఏది అంటే విషాదమే. ఊపుగా పాడగలిగేవాళ్ళు ఆ రోజుల్లో ఇంకొందరు ఉన్నారు. ఒక మగవాడు తను ఓడిపోయానని ఇంత నెమ్మదిగా, జాలి అడుక్కోకుండా ఒప్పుకోవడం ఇంకెవరి దగ్గరా వినలేదు నేను.

'వీ స్మాల్ అవర్స్'లో 16 పాటలున్నాయి, అన్నీ నిద్రపట్టని ఒకే రాత్రివి. గిటారు, చిన్న గంటల్లా మోగే సెలెస్టా, సన్నటి వయొలిన్లు వినపడుతుంటాయి. 'ఓన్లీ ది లోన్లీ'కి వచ్చేసరికి రిడిల్ పూర్తి ఆర్కెస్ట్రా వాడాడు. చీకటి పెద్దదయింది. చాలామంది మొదటిదాన్ని ఎక్కువ అంటారు. నాకు రెండోది. మొదటిదాంట్లో బాధ ఇంకా తాజాగా ఉంది, ఆమె తిరిగొస్తుందేమో అన్న ఆశ ఎక్కడో ఉంది. రెండోదాంట్లో ఆ ఆశ లేదు, అయినా మనిషి నిలబడే ఉన్నాడు.

చివరి రెండేళ్ళ క్యాపిటల్ రికార్డులు మాత్రం జాగ్రత్తగా ఏరుకోవాలి. కంపెనీతో చెడింది, సొంత కంపెనీ మీద మనసు పోయింది, ఒప్పందం తీర్చేసి బయటపడాలన్న తొందర పాటల వేగంలోనే తెలిసిపోతుంది.

రిప్రీజ్: స్వేచ్ఛ

1960లో రిప్రీజ్ పెట్టాడు. ఏం పాడాలో, ఎవరితో పాడాలో, ఎప్పుడు పాడాలో తనే నిర్ణయించుకునే రోజు వచ్చింది. 1963లో ఎక్కువ వాటా వార్నర్ వాళ్ళకు అమ్మేశాడు, అయినా పాట మీద పట్టు తనదే. ఈ స్వేచ్ఛ వల్ల ఆయన జీవితంలో అతి మంచి రికార్డులు కొన్ని వచ్చాయి, అతి మామూలు రికార్డులూ చాలానే వచ్చాయి. కొలంబియా, క్యాపిటల్ కంటే ఇక్కడే ఎత్తుపల్లాలు ఎక్కువ.

బయట ప్రపంచానికి సినాట్రా అంటే తెలిసినవి రిప్రీజ్ పాటలే. 1966లో 'స్ట్రేంజర్స్ ఇన్ ది నైట్', 1968 డిసెంబర్ 30న పాడిన 'మై వే'. మన ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు కూడా సినాట్రా అనగానే 'మై వే' అంటారు. అది ఒక ఫ్రెంచ్ పాట బాణీకి పాల్ ఆంకా రాసిన ఇంగ్లీషు మాటలు. ఈ రెండు పాటలంటే సినాట్రాకే పెద్దగా గిట్టేది కాదు. నాకు ఆయన మాటే సబబుగా తోస్తుంది. 'మై వే'లో తన గెలుపును తనే చాటుకుంటున్నాడు. 'వన్ ఫర్ మై బేబీ'లో ఓటమిని సగం చెప్పి ఊరుకున్నవాడు ఇక్కడ అంతా గట్టిగా చెప్పేస్తున్నాడు. కొత్తగా వినేవాళ్ళకు దీన్ని వాకిలిగా చూపించొద్దని నా మనవి. ఇక్కడే ఆగిపోతే లోపలి గదులు చూడకుండానే వెళ్ళిపోతారు.

ఆ గదుల్లో మొదటిది 1962లో డాన్ కోస్టాతో చేసిన 'సినాట్రా అండ్ స్ట్రింగ్స్'. దాని తర్వాత 1963లో రిడిల్‌తో 'ది కాన్సర్ట్ సినాట్రా', అందులో 'ఓల్ మ్యాన్ రివర్'. ఒకచోట పాదం చివర కిందికి దిగి, అక్కడే ఊపిరి తీసుకోకుండా తర్వాతి పాదంలోకి దాటుతాడు. డార్సీ వెనక కూర్చుని నేర్చుకున్నది ఇరవై ఏళ్ళ తర్వాత అక్కడ తేలింది. 1964లో క్విన్సీ జోన్స్ అమరికతో, బేసీ బ్యాండుతో 'ఫ్లై మీ టు ది మూన్'. ఊపు విషయంలో ఇది క్యాపిటల్ పాటలతో సమానంగా తూగుతుంది, ఒప్పుకుంటాను.

క్యాపిటల్‌ను నిజంగా ఓడించే రిప్రీజ్ రికార్డులు నాకు రెండే. మొదటిది 1965లో జెంకిన్స్‌తో చేసిన 'సెప్టెంబర్ ఆఫ్ మై ఇయర్స్'. యాభై నిండబోతున్న మనిషి వెనక్కి తిరిగి చూసుకుంటున్నాడు. అందులో 'ఇట్ వాజ్ ఎ వెరీ గుడ్ ఇయర్' అని ఒక పాట, పదిహేడేళ్ళు, ఇరవై ఒకటి, ముప్పై అయిదు అంటూ వయసులను లెక్కపెట్టుకుంటూ వస్తుంది. ముప్పయ్యేళ్ళ సినాట్రా ఎంత తియ్యగా పాడినా ఈ పాట నమ్మించలేడు. నలభై రెండేళ్ళ సినాట్రా కూడా పాడలేడు, అప్పటికి ఆయన బాధ ఇంకా పచ్చిగా ఉంది. దీనికి బాధ ఆరిపోయిన గొంతు కావాలి. నాకు యాభై దాటాక ఈ ఆల్బం ఇంకోలా వినపడుతోంది.

రెండోది 1967లో బ్రెజిల్ స్వరకర్త ఆంటోనియో కార్లోస్ జోబిమ్‌తో చేసినది, అమరిక క్లాస్ ఓగర్మన్. గదిలో నిద్రపోతున్న పిల్లవాడు లేవకుండా పాడుతున్నట్టు పాడాడు. సినాట్రా జీవితంలో ఇంత మెల్లగా ఇంకెప్పుడూ పాడలేదు. ఆ ఆల్బం చివరి పాటలు ముగించిన 1967 ఫిబ్రవరి 1నే కూతురు నాన్సీతో కలిసి 'సమ్‌థింగ్ స్టుపిడ్' కూడా పాడేశాడు, అది అమెరికాలో నంబర్ వన్‌కు వెళ్ళింది. ఒకే రోజు, ఒకే గొంతు, ఒకటి కళ, ఒకటి బజారు. రిప్రీజ్ రోజులంతా ఈ రెండింటి మధ్యే గడిచాయి.

కొనేవాళ్ళకు ఒక హెచ్చరిక

ఒకసారి పాత రికార్డుల దుకాణంలో క్యాపిటల్ నాటి పాటల పేర్లు చూసి సంబరపడి ఒక ఎల్పీ కొన్నాను. ఇంటికొచ్చి ముల్లు పెడితే ట్రాంబోన్ దగ్గర తెలిసింది, ఇది ఆ రాత్రిది కాదని. 1963లో రిప్రీజ్ 'సినాట్రాస్ సినాట్రా' పేరుతో పాత పాటలను మళ్ళీ పాడించి వేసింది, తర్వాత వచ్చిన సంకలనాల్లో ఆ రికార్డింగులు కలిసిపోయాయి. అట్ట మీద పాట పేరుంటే చాలదు, ఏ ఏడు, ఏ కంపెనీ, ఎవరి అమరిక అన్నది చూసుకోండి. ఫోన్లో వినేవాళ్ళు ఆల్బం పేరుతో వెతకండి, పాట పేరుతో వెతకొద్దు. అలాగే 1956 నాటి మోనో రికార్డులకు తర్వాత కృత్రిమంగా స్టీరియో హంగు తగిలించి అమ్మిన కాపీలున్నాయి, వాటి జోలికి పోవద్దు. మోనోయే బాగుంటుంది.

కొలంబియా రికార్డుల ధ్వని పాతది, కాస్త మూసుకుపోయినట్టు ఉంటుంది. రెండు మూడు పాటలకు చెవి అలవాటు పడుతుంది, తర్వాత అడ్డు రాదు.

ఇంతకీ మా అమ్మాయికి నేను వేసిచ్చిన వరస ఇది: ముందు 1956 'స్వింగింగ్ లవర్స్', తర్వాత 'ఓన్లీ ది లోన్లీ', ఆ తర్వాత వెనక్కి వెళ్ళి 1946 'ది వాయిస్', మళ్ళీ ముందుకొచ్చి 'సెప్టెంబర్ ఆఫ్ మై ఇయర్స్'. గొంతు సాధన చేసేవాళ్ళు ఎవరైనా ఉంటే మాత్రం ఈ వరస తిప్పేసి కొలంబియాతో మొదలుపెట్టాలి. ఊపిరి, శ్రుతి, మాట అతుకు నేర్చుకోవడానికి అంతకంటే మంచి బడి లేదు. పెళ్ళి విందులో, కారులో, నలుగురు కలిసిన చోట పెట్టడానికి బేసీతో చేసినవి. రాత్రి ఒంటరిగా ఉండేవాళ్ళకు మాత్రం క్యాపిటలే.

రెండు వారాలయ్యాక అడిగాను, ఏది నచ్చిందమ్మా అని. నేను వరసలో పెట్టనే లేదు, తనే వెతుక్కుని జోబిమ్‌తో చేసినది పట్టుకుంది. పది పాటలు, అరగంట కూడా నిండదు. హోబోకెన్ నుంచి మన్‌హాటన్‌కు రైల్లో పోయి రావడానికి సరిగ్గా సరిపోతుందట. వెళ్ళేటప్పుడు మొదటి అయిదు, వచ్చేటప్పుడు చివరి అయిదు. నది అడుగున సొరంగంలో రైలు రొద చేస్తుంటే అంత మెల్లటి పాట ఏం వినపడుతుందే అన్నాను. "వినపడదు పెదనాన్నా, అందుకే చెవులు రిక్కించి వింటున్నా" అంది.